చక్రవడ్డీ

ఆషాఢంలో హావర్ నిండింది.
ఊరంటే ఒక మట్టిదిబ్బ, చుట్టూ ఆకాశమంత నీరు.
ఇరవై రెండు ఇళ్ళు భుజాలు రాసుకుని నిలబడ్డాయి.
ఆరబెట్టడానికి ఉన్నది ఒకటే వెదురు,
వానకీ వానకీ మధ్య గంట ఎండ.
ఆ ఎండ ముందు చేపకి,
తర్వాత పిడకకి,
మిగిలితే ఇంటిల్లిపాదీ తుడుచుకునే ఒక్క గంఛాకి.

నిభారాణి నడుము మీద, పావడా బొందు ఒరిసేచోట,
మొదట పావలా బిళ్ళంత.
చెప్పుకునే చోటు కాదు, చూపించుకునే చోటు అసలే కాదు.
రాత్రి దోమతెరలో ఆరుగురి గోళ్ళు,
ఎలుకలు బస్తా కొరుకుతున్నట్టు.
ఎవరూ ఎవర్నీ అడగరు.

బుధవారం మొత్తాలిబ్ మియా కొట్టుపడవ వస్తుంది:
బీడీలు, గాజులు, కిరసనాయిలు, మందులు.
"అదేనా?"
"అదే."
నలభై టాకాల ట్యూబు చేతులు మారుతుంది.
మూడోనాటికి ఎరుపు చల్లారుతుంది,
దురద పసిపిల్లలా పడుకుంటుంది.
ఆ రాత్రి ఆమె మొగుడి వైపు తిరిగి నిద్రపోయింది.
పదోనాటికి
వలయం బయట ఇంకో వలయం.
లోపలి చర్మం ఉల్లిపొర.

గోపేశ్ బర్మన్‌కి ఈ లెక్క కొత్త కాదు.
వల మీద అప్పు, పడవ మీద అప్పు,
నీళ్ళు వేలం పాడుకున్న గుత్తదారుకి
నీటిలో దిగినందుకు అప్పు.
కట్టిందంతా వడ్డీకే పోయింది, అసలు కదల్లేదు.
కాకపోతే చక్రవడ్డీ బొమ్మ
ఒంటి మీద గీసి చూపించిన షావుకారు
ఇదివరకు లేడు.

ఖాళీ ట్యూబులు అత్తగారు సుబాలా పారేయదు.
జనపనారకి గుచ్చి బాతుల గూటి మీద కట్టింది,
మెరుపుకి గద్దలు బెదురుతాయని.
ఇప్పటికి పందొమ్మిది.
గద్దలు నిజంగానే రావడం లేదు.
ఆ మందు పనిచేసింది అక్కడొక్కచోటే.

శాహేరా పడవ దిగింది, ఆరోగ్య కేంద్రం సంచితో.
నల్ల కాగితం పరిచి, మొండి కత్తితో
వలయం అంచు మెల్లగా గీరింది.
రాలింది కాస్త తవుడు.
దానికి చీటీ, పేరు, పట్నం ప్రయాణం.
ఆరు వారాల తర్వాత జవాబు తెచ్చింది:
"ట్యూబులో ఉన్నది మందు కాదు వదినా, దుప్పటి.
నిప్పు మీద కప్పావు.
మాత్రలంటావా, సగం వాడి వదిలేసినవాళ్ళ దగ్గర
పాఠం నేర్చుకుని వచ్చిందిది.
దానికి మాత్ర తెలుసు, మాత్రకే అది తెలీదు."
గోటితో పోతుందని గోకారు అందరూ.
గోరే దాన్ని ఇల్లిల్లూ తిప్పింది,
ఇప్పుడు గొడ్డలి కావాలి.

గొడ్డలి ఖరీదు చెప్పింది శాహేరా.
కొత్త గుళికలు, ఎనిమిది వారాలు,
ఆరుగురూ ఒకేసారి.
ఎవరి గంఛా వాళ్ళకి. ఉతికి, ఎండలో.
"ఎండ ఏ కొట్లో అమ్ముతారు?"
నిభారాణి వెక్కిరించలేదు. అడిగింది.

రాసుకుంటున్న శాహేరా రవిక చెయ్యి జారింది.
మణికట్టు పైన, గడియారం పట్టీ కింద,
అదే అంచు, అదే తవుడు.
చప్పున లాక్కుంది.
నిభారాణి బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చింది.
"ఎప్పట్నించి?"
"చైత్రం నుంచి."
ఇద్దరూ నీళ్ళకేసి చూశారు.

నీళ్ళ నిండా పువ్వులు.
వాళ్ళకి తెలియదు,
నేను రాస్తున్న ఈ భాషలో
ఆ పువ్వుదీ ఈ జబ్బుదీ ఒకటే పేరని, తామరని.
రెండూ తడిలో పుడతాయి, గుండ్రంగా విచ్చుకుంటాయి.
అంతకుమించి పోలిక వెతకను.
ఒకదాన్ని దేవుడికి పెడతారు,
ఒకదాన్ని కొంగు కింద దాస్తారు.

బుధవారం. పడవ హారన్.
గుళికలు పదకొండో రోజు.
నిభారాణి లేవలేదు.
చెయ్యి మాత్రం నడుముకి వెళ్ళింది.
నలభై టాకాల ముడి అక్కడే,
దురదా అక్కడే.
హారన్ ఇంకోసారి మోగింది.